మానిటరు వెలగలేదా? పట్నం బస్సెక్కే ముందు ఇవి చూడండి

దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు గడువు. కుర్రాడు కంప్యూటరు స్విచ్చి వేశాడు. పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది గాని తెర మీద ఏమీ రాలేదు. తండ్రి మానిటరును దుప్పటిలో చుట్టి పట్నం తీసుకుపోయాడు. షాపులో వాళ్ల వైరు తగిలించగానే అది నిక్షేపంగా వెలిగింది. లోపం ఇంటి దగ్గర వదిలి వచ్చిన వైరులో ఉంది. బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి దండుగ. గడువు కూడా దాటిపోయింది.

పల్లెల్లో ఇలాంటి అవస్థ ఎవరికైనా రావచ్చు. మానిటరు పోయిందని నిర్ణయించుకునే ముందు ఇంట్లోనే వరుసగా కొన్ని చూసుకోవాలి. పనిముట్లేమీ అక్కర్లేదు.

దీపం చూడండి

చాలా మానిటర్లకు కింది అంచున చిన్న దీపం ఉంటుంది. అది అసలు వెలగకపోతే కరెంటు అందటం లేదేమో చూడాలి. అదే ప్లగ్గులో సెల్‌ఫోను ఛార్జరు పెట్టండి. ఫోను ఛార్జి అవుతుంటే ప్లగ్గు బాగున్నట్టే. అప్పుడు మానిటరు వెనుక కరెంటు వైరును గట్టిగా నొక్కి, మీట మళ్లీ వేసి చూడండి.

దీపం నారింజ రంగులో ఉన్నా, ఆరి వెలుగుతున్నా, తెర మీద 'నో సిగ్నల్' అని వచ్చినా మానిటరుకు కరెంటు అందుతోందన్నమాట. కంప్యూటరు నుంచి బొమ్మ మాత్రం రావటం లేదు. రెండింటినీ ఆపి, బొమ్మ తెచ్చే వైరును రెండు కొనలా ఊడదీసి మళ్లీ పెట్టండి. నీలం కొన ఉన్న పాత వి.జి.ఏ. వైరైతే లోపలి సూదులు వంగాయేమో చూసి, పక్కల ఉన్న రెండు మరలు బిగించండి. వైరు వి.జి.ఏ.లో ఉండి, మానిటరు మీటలు హెచ్.డి.ఎం.ఐ. మీద ఉన్నా బొమ్మ రాదు. మానిటరు మెనూలో అది సరిచేసుకోవచ్చు.

తప్పు ఎవరిది?

బొమ్మ వైరు పూర్తిగా తీసేసి మానిటరును మాత్రమే వెలిగించండి. దాని సొంత అక్షరాలు శుభ్రంగా కనబడితే లోపం చాలావరకు వైరులోనో, కంప్యూటరులోనో ఉన్నట్టు. ఆ అక్షరాల మీద కూడా గీతలు పడితే మానిటరులోనే లోపం. వి.జి.ఏ. వైరుతో తెరంతా పసుపుగా మారితే నీలం రంగు అందటం లేదు. గులాబీ ఛాయ వస్తే ఆకుపచ్చ అందటం లేదు. ఇరుగుపొరుగు వారి వైరు తెచ్చి పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది.

దీపం మామూలుగా వెలుగుతూ తెర నల్లగా ఉంటే, గది చీకటి చేసి టార్చిలైటు ఏటవాలుగా వేయండి. బొమ్మ లీలగా కనబడితే తెర వెనుక వెలుతురు పోయినట్టు. అది మెకానిక్కు పని.

అక్షరాలు మసకగా, సాగదీసినట్టు ఉంటే అది రిపేరు కాదు. డిస్‌ప్లే సెట్టింగుల్లో 'రికమెండెడ్' అని ఉన్న కొలతను ఎంచుకుంటే చాలు.

ఈ పనులు వద్దు

మానిటరు వెనుక మూత ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. పాత డబ్బా మానిటర్లలో 20 వేల వోల్టులకు పైగా ఉండవచ్చు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపల షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. పలుచని మానిటర్లలోనూ ఆ ప్రమాదం లేకపోలేదు.

తెర మీద నీళ్లు చల్లవద్దు. కరెంటు ఆపి, కొద్దిగా తడిపి పిండిన మెత్తని నూలు గుడ్డతో తుడవండి. ఉరుములు, మెరుపులు వచ్చేలోగానే ప్లగ్గులు పీకేయండి. స్విచ్చి ఆపినంత మాత్రాన చాలదు.

షాపుకు తీసుకువెళ్లక తప్పకపోతే వైర్లు, అడాప్టరు కూడా వెంట తీసుకుపోండి. తెర అద్దం పగిలితే మార్పిడికి కొత్త మానిటరు ధరకు దగ్గరగా కావచ్చు. ముందే ధర అడగండి.

గడువు ముంచుకొస్తే మరో దారి ఉంది. ఇంట్లో హెచ్.డి.ఎం.ఐ. ఉన్న టి.వి. ఉంటే, కంప్యూటరుకూ ఆ సౌకర్యం ఉంటే, రెండింటికీ వైరు కలపండి. బొమ్మ టి.వి.లో వస్తుంది. దరఖాస్తు ఆ రోజే పంపుకోవచ్చు, మానిటరు సంగతి మర్నాడు చూసుకోవచ్చు.