కాపీ సరే, చిట్టా ఏదీ? మెయిన్‌ఫ్రేమ్ మిర్రరింగ్‌పై అపోహలు – వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎల్బీనగర్. ఈ దారికి అటూ ఇటూ ఉన్న కాలనీల్లో, అమెరికా బ్యాంకుల, బీమా కంపెనీల మెయిన్‌ఫ్రేములను రాత్రి షిఫ్టుల్లో కనిపెట్టుకుని ఉండేవాళ్లు తక్కువేం కాదు. కోబాల్, జేసీఎల్ అన్న మాటలు ఇక్కడి హాస్టళ్లకు కొత్త కాదు. అయినా విపత్తు వస్తే ఆ యంత్రాల మీది లెక్కలు ఎలా బతుకుతాయన్న ప్రశ్నకు ఎక్కువమంది ఇచ్చే జవాబు ఒకటే: ‘డిస్కులన్నీ రెండో సైట్‌కి మిర్రర్ అవుతున్నాయి, ఇంకేం భయం?’ ఈ జవాబులో సగమే నిజం ఉంది. డిస్కుల్ని కాపీ చేయడం ఒక పని, పని ఆగిన క్షణం దగ్గర నుంచి వ్యాపారాన్ని తిరిగి నడపడం ఇంకో పని. మొదటి పని చేసినంత మాత్రాన రెండోది జరగదు. అది జరిగేదీ లేనిదీ లాగ్ మీద, అంటే ప్రతి మార్పునూ జరిగిన క్రమంలో రాసుకునే చిట్టా మీద, ఆధారపడి ఉంటుంది. అందుకే మిర్రరింగ్ ప్లాన్ డిస్కుల జాబితాతోనో, కేబుళ్ల కొటేషన్‌తోనో కాక లాగ్‌తో మొదలవ్వాలన్నది నా వాదన.

అపోహ: రెండో సైట్ ఊళ్లోనే ఇంకో చోట ఉంటే చాలు

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన ఈ మాటను నిలబడనివ్వదు. ఆ ఒక్క రోజులో ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా పడింది. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అవి తేరుకోకముందే, అదే వారంలో మళ్లీ వాన. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మెషీన్ గది, ఎల్బీనగర్‌లో దానికి కాపీ పెట్టి ఉంటే చెరువూ ఒకటే, కరెంటు సరఫరా ప్రాంతమూ ఒకటే, ఆపరేటర్లు డ్యూటీకి రావాల్సిన రోడ్లూ అవే. అలాంటప్పుడు దాన్ని రెండు సైట్లని లెక్కపెట్టడానికి లేదు. స్టాక్ మార్కెట్ సంస్థలకు నియంత్రణ సంస్థ సెబీ విధించిన నియమం ఇంకా గట్టిది: ప్రధాన కేంద్రం, విపత్తు పునరుద్ధరణ (డీఆర్) కేంద్రం వేర్వేరు భూకంప జోన్లలో ఉంటే మంచిది, లేదంటే మధ్య కనీసం 500 కిలోమీటర్లు ఉండాలి. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి తూర్పుకు పోయే హైవే విజయవాడ చేరేసరికి సుమారు 270 కిలోమీటర్లే అవుతుంది.

అలాగని ఎంత దూరమైతే అంత మంచిదా అంటే, అక్కడ భౌతికశాస్త్రం అడ్డు తగులుతుంది. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది, రానూపోనూ 10. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా ఉన్న 29 కిలోమీటర్ల మెట్రో లైన్ పొడవుకు, రాసిన సమాచారం అవతల అందిందని జవాబు రావడానికి 0.3 మిల్లీసెకన్లు చాలు. ముంబై దాకా 700 కిలోమీటర్ల ఫైబర్ అనుకుంటే కనీసం 7 మిల్లీసెకన్లు. వినడానికి ఇది చిన్న అంకె. కానీ డేటాబేస్‌లో ప్రతి కమిట్ (లావాదేవీని ఖాయం చేసే అడుగు), లాగ్ రాత పూర్తయ్యేదాకా ఆగుతుంది. స్థానికంగా మిల్లీసెకను లోపే ముగిసే రాతకు ప్రతిసారీ 7 కలిపితే, రద్దీ వేళ లావాదేవీలు క్యూ కట్టేస్తాయి. అందుకే దగ్గరి సైట్‌కు సింక్రనస్‌గా (అందిందన్న జవాబు వచ్చేదాకా ఆగి), దూరపు సైట్‌కు అసింక్రనస్‌గా (జవాబు కోసం ఆగకుండా) పంపే మూడు సైట్ల ఏర్పాటు పెద్ద సంస్థల్లో స్థిరపడింది. దూరపు కాపీ కొన్ని సెకన్లు వెనకబడి ఉంటుంది. ఆ వెనకబాటు ఎంతన్నది రోజువారీ సగటు మీద కాక నెలాఖరు బ్యాచ్ నడిచే గంట మీద లెక్కగట్టాలి. సగటు చూసి లింకు కొన్నవారికి సరిగ్గా అవసరమైన రాత్రే అది సరిపోదు.

అపోహ: అన్ని డిస్కులూ అవతల ఉన్నాయంటే డేటా ఉన్నట్టే

దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల్లో పాతకాలపు లెక్కల పద్ధతి గుర్తున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అమ్మకం జరగ్గానే ముందు చిట్టాలో పడాలి, ఆ తర్వాతే ఆవర్జాకు ఎక్కాలి. మెయిన్‌ఫ్రేమ్ డేటాబేసుల నియమమూ అదే: ముందు లాగ్, తర్వాత డేటా. యంత్రం హఠాత్తుగా ఆగినా, లాగ్ చూసి పూర్తయిన లావాదేవీలను నిలబెడతారు, సగంలో ఉన్నవాటిని వెనక్కి తీస్తారు. ఈ భద్రత అంతా క్రమం మీదే నిలిచి ఉంది.

మిర్రరింగ్‌లో తెగేది ఆ క్రమమే. విపత్తులు ఒక్క దెబ్బతో రావు. మంట ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పాకుతుంది, నీళ్లు ఒక గది తర్వాత ఒక గదిలోకి వస్తాయి. లాగ్ ఉన్న వాల్యూముల (డిస్కుల) లింకు ముందు తెగి, డేటా వాల్యూముల లింకు ఇంకో రెండు సెకన్లు నడిచిందనుకుందాం. అవతలి సైట్‌లో డేటా మారిపోయి ఉంటుంది, ఆ మార్పు ఎందుకు జరిగిందో, పూర్తయిందో లేదో చెప్పే లాగ్ ఉండదు. వెనక్కి తీయడానికి ఆధారమే లేని డేటా అది. ప్రతి డిస్కూ దానికదే నిఖార్సయిన కాపీ, అన్నీ కలిపితే ఏ క్షణానికీ చెందని కలగాపులగం. అందుకే కన్సిస్టెన్సీ గ్రూప్ అన్న ఏర్పాటు వచ్చింది: ఒక వాల్యూమ్ కాపీ ఆగితే ఆ గుంపులోని అన్ని వాల్యూముల కాపీ అదే బిందువు దగ్గర ఆగాలి. ప్లానింగ్‌లో అసలు ప్రశ్న ఎన్ని టెరాబైట్లు కాపీ చేస్తున్నామన్నది కాదు, ఏ గుంపులో ఏవి ఉన్నాయన్నది.

ఇందులోనే తరచూ మరిచిపోయే చిక్కు ఒకటుంది. లింకు తెగి మళ్లీ కలిశాక, ఈలోగా మారిన ట్రాకులను అవతలికి పంపుతారు, కానీ అవి రాసిన క్రమంలో వెళ్లవు. ఆ పని పూర్తయ్యేదాకా దూరపు కాపీ వాడకానికి పనికిరాదు. సరిగ్గా అప్పుడే ప్రధాన సైట్ పోతే రెండూ పోయినట్టే. కాబట్టి ఈ రీసింక్ మొదలుపెట్టే ముందు అవతల ఉన్న చివరి నిలకడైన స్థితిని ఫ్లాష్‌కాపీగా, అంటే ఆ క్షణానికి డిస్కుల ప్రతిగా, తీసి పక్కన పెట్టాలి. దానికి అదనపు డిస్కులు కావాలి. బడ్జెట్ సమావేశాల్లో మొదట కొట్టేసేది ఈ పద్దునే.

అపోహ: లాగ్ అంటే డిస్కు మీద ఉండేదే కదా

అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరబడేది ఇక్కడే. డీబీ2 డేటాబేస్ తన యాక్టివ్ లాగ్‌ను తానే డిస్కు మీద రాసుకుంటుంది, ఆ మేరకు ఆ నమ్మకం సరైనదే. కానీ మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌లో, లావాదేవీలను నడిపే సిక్స్ (CICS) లాగ్, వాటిని సమన్వయం చేసే ఆర్‌ఆర్‌ఎస్ లాగ్ వంటివి సిస్టమ్ లాగర్ అనే ఉమ్మడి సేవ గుండా నడుస్తాయి. పారలల్ సిస్‌ప్లెక్స్‌లో, అంటే కలిసి పనిచేసే మెయిన్‌ఫ్రేమ్ సిస్టమ్‌ల గుంపులో, లాగర్ కొత్త రికార్డును సాధారణంగా కప్లింగ్ ఫెసిలిటీలో, అంటే పంచుకున్న మెమరీలో పెడుతుంది. దానికి రెండో ప్రతిని ఆ రికార్డు రాసిన సిస్టమ్ మెమరీలో ఉంచుతుంది. నిర్ణీత మేర నిండాకే ఆఫ్‌లోడ్ డేటాసెట్లలోకి, అంటే డిస్కు మీదికి దించుతుంది. డిస్కు మిర్రరింగ్ డిస్కుల్నే కాపీ చేస్తుంది. సైట్ మొత్తం పోయిన క్షణంలో, పునరుద్ధరణకు అన్నింటికన్నా ముఖ్యమైన తాజా లాగ్ రెండు ప్రతులూ మెమరీలోనే ఉండి, మెమరీతోనే పోతాయి. మిర్రరింగ్ కన్సోల్‌లో మాత్రం అన్నీ పచ్చగా కనిపిస్తూనే ఉంటాయి.

దీనికి మందు లేకపోలేదు. లాగ్ స్ట్రీమ్‌కు (లాగర్ నడిపే ఒక్కో లాగ్‌కు) స్టేజింగ్ డేటాసెట్లను, అంటే తాజా రికార్డులకు డిస్కు మీది ప్రతిని, షరతుల్లేకుండా వాడమని నిర్వచించాలి, అప్పుడు ప్రతి రికార్డూ రాసేటప్పుడే డిస్కుకూ చేరుతుంది. ‘దాని వల్ల రాత నెమ్మదిస్తుంది, మెమరీలో పెట్టుకున్న లాభం పోతుంది’ అని సిస్టమ్స్ ప్రోగ్రామర్లు అడ్డు చెబుతారు. నిజమే, ఖర్చు ఉంది. ఐబీఎం ఎక్స్‌ఆర్‌సీ అనే అసింక్రనస్ కాపీ పద్ధతి వాడేచోట, కేవలం విపత్తు పునరుద్ధరణ కోసమే స్టేజింగ్ డేటాసెట్లను అసింక్రనస్‌గా రాసే వీలు కూడా ఈ అభ్యంతరం కోసమే వచ్చింది. అన్ని స్ట్రీములకూ ఒకే వైద్యం అక్కర్లేదు. ఆపరేటర్ సందేశాల లాగ్ పోతే వ్యాపారం ఆగదు, సిక్స్ లాగ్ పోతే ఆగుతుంది. ఏది దేనికి చెందుతుందో స్ట్రీమ్ వారీగా తేల్చాలి. ఈ విసుగు పని కన్సల్టెంట్ల స్లైడ్లలో కనిపించదు.

స్టేజింగ్ డేటాసెట్లు కాపీ అయితే సరిపోతుందా అంటే అదీ చాలదు. ఏ లాగ్ ఏ డేటాసెట్‌లో ఉందో లాగర్ తన ఇన్వెంటరీలో, అంటే లాగర్ కపుల్ డేటాసెట్‌లో రాసుకుంటుంది. ఆ ఇన్వెంటరీ, స్టేజింగ్, ఆఫ్‌లోడ్ డేటాసెట్లు, వాటి కేటలాగులు అన్నీ ఒకే కన్సిస్టెన్సీ గ్రూప్‌లో ఉండాలి. ఇన్వెంటరీ ఐదు నిమిషాల పాతదైతే, నిన్నమొన్నటి లాగ్ దొరుకుతుంది. నాలుగు నిమిషాల కిందట కొత్తగా తెరిచిన డేటాసెట్ డిస్కు మీద పదిలంగా ఉన్నా, అది ఉందని లాగర్‌కు తెలియదు.

అపోహ: సింక్రనస్ అంటే నష్టం సున్నా

లింకు తెగినప్పుడు ఏం చేయాలని ముందే నిర్ణయించారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కాపీ ఆగగానే ప్రధాన సైట్‌ను కూడా ఆపేస్తే నష్టం నిజంగానే సున్నా, కానీ ఒక కేబుల్ తెగినా వ్యాపారం ఆగుతుంది. ఆపకుండా నడిపితే వ్యాపారం సాగుతుంది, అప్పటి నుంచి రాసినదానికి మాత్రం రెండో ప్రతి ఉండదు. ఎక్కువ సంస్థలు రెండోదాన్ని ఎంచుకుని, మొదటిదాని పేరు చెప్పుకుంటాయి. ఈ నిర్ణయం స్టోరేజ్ అడ్మిన్‌ది కాదు, యాజమాన్యానిది. అది రాతపూర్వకంగా ఉండాలి.

2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో జరిగింది మెయిన్‌ఫ్రేమ్ కథ కాదు, స్టోరేజ్ కథ. అయినా పాఠం ఇక్కడికే వస్తుంది. ప్రధాన కేంద్రానికీ దగ్గరి సైట్‌కీ మధ్య రెండు టెలికాం సంస్థల లింకులు దెబ్బతిన్నాయి. వాటిని తట్టుకోవాల్సిన స్టోరేజ్ వ్యవస్థే సర్వర్లకు అందకుండా పోయింది. రిస్క్ మేనేజ్‌మెంట్ ఆగడంతో ఉదయం 11.40కి ట్రేడింగ్ ఆపి, మధ్యాహ్నం 3.45కి తిరిగి మొదలుపెట్టారు. లింకు రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు, లింకు పోగానే ప్రధాన సైట్‌నే పడగొట్టింది. దూరపు కేంద్రానికి మారలేదన్న విమర్శా వచ్చింది. ఆ మరుసటి నెలలో సెబీ కోలుకునే గడువులను అంకెల్లో పెట్టింది: 30 నిమిషాల్లో విపత్తుగా ప్రకటించాలి, ప్రకటించాక 45 నిమిషాల్లో డీఆర్ నుంచి నడవాలి, డేటా నష్టం 15 నిమిషాలు మించకూడదు. అదే ఏడాది ఏప్రిల్ 18న ఆర్‌బీఐ 14 గంటల పాటు ఆర్‌టీజీఎస్‌ను ఆపింది, విపత్తు నుంచి కోలుకునే సమయాన్ని మెరుగుపరిచే సాంకేతిక మార్పు కోసమే. రోజుకు 24 గంటలూ నడుస్తున్న సేవను దీని కోసం ఆపడానికి సిద్ధపడ్డారంటే, ఇది ఒకసారి కొని మరిచిపోయే పరికరం కాదని వారికి తెలుసన్నమాట.

మిర్రర్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదన్న మాట మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. తప్పుడు ప్రోగ్రామ్ ఒక పట్టికను చెరిపేస్తే, మిర్రర్ ఆ చెరిపివేతను కూడా అంతే నమ్మకంగా అవతలికి చేరవేస్తుంది. రాన్సమ్‌వేర్ విషయంలోనూ అంతే.

ఇక చివరి అభ్యంతరం: ‘ఏటా డ్రిల్ చేస్తున్నాం, ప్రతిసారీ పాసయ్యాం.’ ఆ డ్రిల్ ఎలా చేస్తున్నారో చూడాలి. చాలాచోట్ల ఆదివారం పొద్దున అప్లికేషన్లను పద్ధతిగా ఆపుతారు. చివరి కనెక్షన్ తెగగానే లాగర్ కప్లింగ్ ఫెసిలిటీలో ఉన్నదంతా డిస్కుకు దించేస్తుంది. తర్వాత అవతలి సైట్ లేస్తుంది, అన్నీ దొరుకుతాయి. పైన చెప్పిన లోపాల్లో ఒక్కటి కూడా అలాంటి డ్రిల్‌లో బయటపడదు, ఎందుకంటే మెమరీలో ఏమీ మిగలని స్థితినే పరీక్షించారు. నెలాఖరు బ్యాచ్ నడుస్తుండగా, ప్రధాన సైట్‌ను తాకకుండా, దూరపు కాపీ నుంచి ఉన్నపళంగా ఫ్లాష్‌కాపీ తీసి, దాని మీద సిస్టమ్‌ను లేపి, సిక్స్ ఏ లావాదేవీ దాకా లెక్క చెప్పగలదో చూస్తే అసలు సంగతి తేలుతుంది. దీనికి ఉత్పత్తిని ఆపక్కర్లేదు, ఎవరి సెలవునూ రద్దు చేయక్కర్లేదు.