చాటున మింగే మాత్ర

బెజవాడ బీసెంటు రోడ్డులోనైనా, గుడివాడ బజారులోనైనా, గొంతు తగ్గించి అడిగే మాత్ర ఒకటున్నది. పేరు సిల్డెనాఫిల్. గుండెనొప్పికి పనికివస్తుందేమోనని ఫైజరు కంపెనీవారు పరీక్షిస్తే, మగవారి అంగస్తంభన లోపానికి పనికివచ్చింది. అమెరికాలో 1998లో అనుమతి లభించింది. మన దేశంలో డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. (అమ్మడం లేదా అంటారా? అది వేరే కథ!)

డాక్టరు చూసి ఇస్తే మంచి మందే. చిక్కంతా చాటుగా మింగడంలో ఉన్నది. గుండెజబ్బు గల పెద్దమనిషి ఒకరు రాత్రి ఎవరికీ చెప్పక ఈ మాత్ర వేసుకున్నారనుకోండి. తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వస్తుంది. ఇల్లాలు కంగారుగా ఆయన నాలుక కింద సార్బిట్రేట్ పెడుతుంది. పాపం, ఆమెకేం తెలుసు? రెండూ రక్తనాళాలను వదులుచేసేవే. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సార్బిట్రేట్ వంటి నైట్రేటు మందులు రోజూ వాడేవారు ఈ మాత్ర జోలికే పోరాదు. వేసుకున్నవారికి 24 గంటలు, టడలఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్లు ఇవ్వకూడదు. ప్రోస్టేటుకు వాడే కొన్ని మాత్రలతోనూ జాగ్రత్త కావాలి.

అసలు ఈ లోపం ఒక్కొక్కప్పుడు మధుమేహానికో, గుండెజబ్బుకో ముందు కబురు. డాక్టరు అందుకే రక్తపరీక్షలు కూడా రాస్తారు.

మాత్ర వేసుకున్నాక నొప్పి వస్తే సిగ్గుపడక 108 వారితో మొదట చెప్పవలసింది: ఏ మాత్ర, ఎన్ని గంటలకు.