ఉద్యోగం మధ్యలో - కాపురం ఎటువైపు?



బదిలీ ఆర్డరు ఇంటికొచ్చిన నాడు అందరి నోళ్ళలోనూ నలిగే మాట ఒకటే: "కాపురం ఎక్కడ పెడదాం?" ఆర్డరులో రాసిన ఊరే పెద్ద ఊరైతే పేచీ లేదు. మూటా ముల్లె సర్దుకుని అక్కడికే పోతాం. ఉద్యోగం ఒక చిన్న ఊళ్ళో పడి, దానికి అటొక పట్నం, ఇటొక పట్నం ఉన్నప్పుడే అసలు చిక్కు. గోదావరి ప్రాంతంలో ఈ చిక్కు పడని ఉద్యోగస్తుల కుటుంబాలు తక్కువే. మీవారికి అనపర్తిలోనో, బిక్కవోలులోనో ఉద్యోగం అనుకోండి. ఒక పక్క రాజమండ్రి, ఒక పక్క కాకినాడ. రెండు ఊళ్ళకీ మధ్య అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ దూరం. ఎక్కడున్నా రోజూ వెళ్ళి రావచ్చు. మరి ఎక్కడుండాలి?

రాజమండ్రి వాళ్ళను అడిగారా, "గోదావరి ఒడ్డు వదిలి ఎక్కడికమ్మా?" అంటారు. కాకినాడ వాళ్ళను అడిగితే, "గీత గీసినట్టుండే వీధులు, సాయంత్రమైతే సముద్రపు గాలి, ఇంతకంటే ఏం కావాలి?" అంటారు. ఇద్దరూ అబద్ధమాడరు. కాని వాళ్ళు చెప్పేది వాళ్ళ ఊరి సంగతి. మీ ఇంటి సంగతి వాళ్ళకు తెలియదు కదా.

సాధారణంగా మన ఇళ్ళల్లో ఈ విషయం ఎలా తేలుతుంది? ఇంటాయన రైలు టైములు చూస్తారు, అద్దెలు కనుక్కుంటారు, ఒక ఆదివారం వెళ్ళి అడ్వాన్సు ఇచ్చి వచ్చేస్తారు. తప్పని అనను. రైలు సంగతి చూడవలసిందే. అనపర్తి, బిక్కవోలు రెండూ మద్రాసు-హౌరా మెయిన్ లైను మీద ఉన్నాయి. రాజమండ్రీ ఆ లైను మీదే ఉంది. కాకినాడకు మాత్రం మెయిన్ లైను లేదు. సామర్లకోటలో విడిపోయి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పోవాలి. ఎక్స్‌ప్రెస్ బళ్ళకు దారి ఇవ్వడం కోసం పాసింజరును ఎక్కడో అక్కడ ఆపేస్తుంటారు కనుక బస్సు దారి కూడా తెలుసుకుని ఉంచుకోవాలి. అంతవరకూ సరే. కాని ఈ లెక్కంతా ఒక్క మనిషి రోజుకు రెండుసార్లు చేసే ప్రయాణం లెక్క. మిగిలిన నలుగురూ పగలల్లా ఆ ఊళ్ళోనే గడపాలి. వాళ్ళ లెక్క ఎవరు చూస్తారు?

అంచేత నేను చెప్పేదేమిటంటే, ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో అందరి పేర్లూ రాయండి. ఉదయం ఆరు మొదలు రాత్రి తొమ్మిది దాకా ఎవరి పగలు ఎక్కడ, ఎలా గడుస్తుందో ఒక్కొక్కరికీ రాసుకోండి. అందులో మీ పేరు కూడా రాయడం మరచిపోకండి! నవ్వకండి, నిజంగానే మరచిపోతాం.

మన పేరు పక్కన మొట్టమొదట వచ్చేది నీళ్ళు. రాజమండ్రి గోదావరి ఒడ్డునే ఉంది, ఆ నీరే తోడి, శుభ్రం చేసి కుళాయిల్లోకి వదులుతారు. కాకినాడ తాగేదీ గోదావరి నీళ్ళే, అయితే అవి కాలువ మీదుగా రావాలి. ఏటా ఎండాకాలంలో మరమ్మతులకని డెల్టా కాలువలు కట్టేస్తారు. ఆ రోజులు గడవడానికి సామర్లకోట దగ్గరా, అరట్లకట్ట దగ్గరా పెద్ద చెరువుల్లో ముందే నీరు నింపి ఉంచుతారు. ఆ చెరువుల్లో నీరు సరిపోయినన్నాళ్ళు ఇబ్బంది లేదు. ఇక బోరు నీళ్ళంటారా, సముద్రం పక్క ఊరు కనుక కాకినాడలో చాలా చోట్ల ఉప్పదనం ఉంటుంది. ఆ నీళ్ళతో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, సబ్బు నురగ రాదు, కుళాయి చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. అలాగని రాజమండ్రిలో ప్రతి వీధికీ గోదావరి పొంగి వస్తోందనుకోకండి. మెరక మీది ఇళ్ళకు, మేడ మీది వాటాలకు వత్తిడి చాలక నీళ్ళు ఎక్కవు. అందుకని ఇల్లుగలావిడను "నీళ్ళొస్తాయా?" అని అడగకండి. రావనే వాళ్ళెవరు? "మే నెలలో ఏ టైముకు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, పై వాటాకు మోటారు వెయ్యాలా?" అని అడగండి. అదే మాట పక్కవాటాలో అద్దెకున్నావిడనూ విడిగా అడగండి. రెండు జవాబులూ కలిశాయా, ఆ ఇల్లు ఫరవాలేదు.

రెండోది ముసలివాళ్ళ సంగతి. అత్తగారికి చక్కెర వ్యాధి, బి.పి. ఉన్నాయనుకుందాం. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. దానికి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి ఎన్నో ఏళ్ళుగా జిల్లా నలుమూలల నుంచీ రోగులు వస్తున్నారు. రాజమండ్రిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లోనే మొదలైంది. ఊరవతల రాజానగరంలో ప్రైవేటు వైద్య కళాశాల అంతకు ముందునుంచే ఉంది. ప్రైవేటు డాక్టర్లకు రెండు చోట్లా లోటు లేదు. ఏ ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఉందన్న దానికన్నా, రాత్రి రెండు గంటలకు ఆవిడకు గుండెలో నొప్పి వస్తే మీ గుమ్మం నుంచి అక్కడికి ఎన్ని నిమిషాలు పడుతుందన్నదే ముఖ్యం. ఆ వేళకు వీధి చివర ఆటో దొరుకుతుందా? వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించవలసిన మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఇంకేం ఆలోచించకండి. ఆ ఆసుపత్రికి దగ్గరగా ఇల్లు చూసుకుని, ఆఫీసు ప్రయాణాన్ని దాని ప్రకారం సర్దుకోవాలి.

పిల్లల చదువు దగ్గరకు వస్తే, స్కూళ్ళకు, ఇంటరుకు రెండు ఊళ్ళూ ఒకటే అని నా అభిప్రాయం. ఆ పెద్ద పెద్ద బోర్డుల కాలేజీలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. ఇంటరు దాటాకే తేడా. కాకినాడలో జె.ఎన్.టి.యు. ఉంది, ఆడపిల్లలకు అన్నవరం సత్యవతీదేవి పేర ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ, నన్నయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీరేశలింగంగారి భార్య కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారి పేరు పెట్టుకున్న మహిళా కళాశాల ఉంది. అమ్మాయి ఏం చదువుతానంటుందో దాన్నే అడగండి. రోజూ రెండు గంటలు బస్సులో నిలబడి వచ్చిన పిల్ల సాయంత్రం పుస్తకం పట్టుకుంటుందనుకోవడం మన భ్రమ. నాకు తెలిసిన ఒక ఇంట్లో తండ్రి ప్రయాణం ఇరవై నిమిషాలు తగ్గుతుందని ఊరు మార్చారు. కూతురి ప్రయాణం గంటంబావు పెరిగింది. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు, తల్లి అడగలేదు. ఏడాది తిరక్కుండానే పిల్లను హాస్టల్లో వేశారు. అద్దెలో మిగిలిన డబ్బు హాస్టలు ఫీజుకే చాల్లేదట!

కాగితాల పని ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కాకినాడ ఒక జిల్లాకు కేంద్రమైంది, తూర్పు గోదావరి జిల్లా కేంద్రం రాజమండ్రికి మారింది. అప్పటిదాకా కలెక్టరు కచేరీ అంటే కాకినాడే. ఇప్పుడు మీరు కాపురం ఏ ఊళ్ళో పెడితే రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఆ జిల్లాలో చూసుకోవాలి. మీవారి ఆఫీసు మరో జిల్లాలో ఉండవచ్చు. అదేమంత కష్టం కాదు, కాకపోతే ముందే తెలిసి ఉండడం మంచిది. అన్నట్టు, రాజమండ్రికి 2015 నుంచీ కాగితాల మీద పేరు రాజమహేంద్రవరం. అర్జీల్లో అలాగే రాయండి.

ఇక గాలీ వానా. మే నెలలో రాజమండ్రి ఎండ భరించడం కష్టం. వడియాలు పెట్టుకునేవాళ్ళకు మాత్రం అదే వరం. కాకినాడలో మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం మీంచి గాలి తిరుగుతుంది, కాని చెమట ఆరదు. ఆ ఉప్పుగాలికి కిటికీ చువ్వలు, బీరువా కాళ్ళు, గ్యాసు పొయ్యి తుప్పు పడతాయి. రెండేళ్ళకోసారి రంగు వెయ్యక తప్పదు. తుఫానుల మాట తలుచుకుంటే 1996 నవంబరు 6 గుర్తుకొస్తుంది. ఆ తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమను అల్లకల్లోలం చేసింది. కాకినాడ పల్లంగా, సమంగా ఉన్న ఊరు కనుక పెద్ద వాన పడితే నీరు తొందరగా లాగదు. రాజమండ్రికి గోదావరి గట్టు ఉంది. అయినా నది నిండుగా ఉన్నప్పుడు ఊళ్ళో కురిసిన వాననీరు నదిలోకి పోయే దారి లేక పల్లపు వీధుల్లో నిలబడిపోతుంది. 1986 ఆగస్టు వరదను పెద్దవాళ్ళు ఇప్పటికీ కొలబద్దగా చెప్పుకుంటారు, 2022 జూలైలోనూ పెద్ద వరదే వచ్చింది. మీరు చూడబోయే వీధిలో అందరికన్నా పెద్దావిడ ఎవరో కనుక్కుని, "పెద్ద వానకు నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయి మామ్మగారూ?" అని అడగండి. కింది వాటా తీసుకోవాలో పై వాటా తీసుకోవాలో ఆవిడ మాటతోనే తేలిపోతుంది.

రాజమండ్రిలో కాపురం పెట్టేవాళ్ళకు ఇంకొక మాట, కాస్త సరదాగా. పన్నెండేళ్ళకోసారి పుష్కరాలొస్తాయి. 2015లో వచ్చాయి, వాటి తరువాతివి 2027వి. ఆ పన్నెండు రోజులూ మీరు మరచిపోయిన చుట్టాలు కూడా మిమ్మల్ని గుర్తుంచుకుంటారు. ఇల్లు చూసేటప్పుడు ఒక గది ఎక్కువుండేలా చూసుకోండి!

మీకు సొంతంగా ఏదైనా పని ఉంటే అది కూడా ఆ కాగితం మీద పెట్టాలి. ఇంట్లోనే చీరలు, జాకెట్టు గుడ్డలు అమ్ముకునే వాళ్ళకు రాజమండ్రి హోల్‌సేలు బట్టల మార్కెట్టు చేతికందే దూరంలో ఉండడం పెద్ద లాభం. టీచరు ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు రెండు ఊళ్ళల్లోనూ నాలుగు స్కూళ్ళకు అర్జీ పెట్టి, జవాబు వచ్చాకనే ఇల్లు తీసుకోవడం మేలు. "నీదేముంది, ఎక్కడైనా దొరుకుతుందిలే" అని ఇంట్లోవాళ్ళు అంటారు. దొరకకపోతే ఏడాదిపాటు ఇంట్లో కూర్చునేది మనమేగా.

ఇంత చూశాక కూడా రెండు ఊళ్ళూ సమానంగా తూగితే, మీరు స్వయంగా వెళ్ళండి. ఆదివారం వద్దు, ఆదివారం అన్ని ఊళ్ళూ అందంగానే ఉంటాయి. పనిరోజున ఉదయం ఎనిమిదింటికి బస్సు దిగండి. స్కూళ్ళకు పోయే ఆటోల్లో పిల్లల్ని ఎలా కుక్కుతున్నారో చూడండి. కూరల బజారులో ధరలు అడగండి. మీరు చూసిన ఇంటి నుంచి బడికి పిల్లవాడి నడకతో నడిచి చూడండి, రోడ్డు ఎక్కడ దాటాలో తెలుస్తుంది. సాయంత్రం ఏడు దాకా ఉండి, వీధి దీపాలు వెలిగాక అమ్మాయి ట్యూషన్ నుంచి ఒంటరిగా రాగలిగిన దారేనా కాదా అని చూసుకుని మరీ బయలుదేరండి. రెండో ఊరికి మరో రోజు వెళ్ళండి. ఒకే రోజున రెండూ చూస్తే అలిసిపోయి రెండోదానికి అన్యాయం చేస్తాం.

సామాను తరలించడం వేసవి సెలవుల్లో పెట్టుకుంటే బడి మారడం సులువు. టి.సి.కి పరీక్షలు కాగానే అర్జీ పెట్టండి, గ్యాసు కనెక్షన్ బదిలీకి రాయండి, అత్తగారి పాత మందుచీటీలన్నీ ఒక కవరులో వేసి లారీలో కాకుండా మీ చేతిసంచిలో పెట్టుకోండి.