మీకు తెలుసా? నది దాటితే సుంకం!

ఆస్ట్రేలియాలో ముర్రే నదికి ఉత్తరాన న్యూ సౌత్ వేల్స్, దక్షిణాన విక్టోరియా. ఒకప్పుడు రెండూ బ్రిటిష్ వలసలే, రెండింటికీ రాణి ఒక్కరే. 1851 దాకా విక్టోరియా న్యూ సౌత్ వేల్స్‌లో భాగమే. అయినా నది దాటే సరుకు మీద సుంకం పడేది! ఏటి ఒడ్డు ఊళ్లలో కస్టమ్స్ అధికారులు కాపు కాసేవారు.

బంగారం కోసం విక్టోరియాకు జనం వెల్లువెత్తారు. గనుల్లో పని సన్నగిల్లాక వాళ్లకు ఉపాధి ఎక్కడిది? దిగుమతుల మీద పన్ను వేస్తే స్థానిక ఫ్యాక్టరీలు లేస్తాయని ‘ది ఏజ్’ పత్రికాధిపతి డేవిడ్ సైమ్ పట్టుబట్టి రాశారు. ఎగువ సభ ఎదిరించినా, 1866లో రక్షణ సుంకాలు చట్టమయ్యాయి. సిడ్నీలో మాత్రం హెన్రీ పార్క్స్ వంటి నాయకులు స్వేచ్ఛా వాణిజ్యానికే కట్టుబడ్డారు. భూముల అమ్మకాలతో ఖజానా నిండే న్యూ సౌత్ వేల్స్‌కు సుంకాల అవసరం అంతగా లేదు మరి.

సైమ్ వాదనలో కూలివాడి కడుపు గురించిన ఆరాటం నిజమైనదే. కానీ భారం మోసింది సరిహద్దు జనం. పక్క ఒడ్డున ఉన్న సంతే వాళ్లకు పరాయిదైంది. అందుకే వలసలన్నీ ఏకం కావాలన్న కోరిక అక్కడ బలపడింది. 1893లో సమాఖ్య కోసం కీలక సమావేశం జరిగిన కొరోవా కూడా ముర్రే ఒడ్డు ఊరే.

1901లో వలసలు రాష్ట్రాలుగా ఏకమైనప్పుడు అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా రాజ్యాంగంలోని 92వ సెక్షన్ రాష్ట్రాల మధ్య వాణిజ్యం పూర్తి స్వేచ్ఛగా సాగాలని శాసించింది. అది నేటికీ అమల్లో ఉంది.