టికెట్ మీద ఎవరి ఫోన్ నంబరు ఉంది?

పోయిన ఏడాది ఎండాకాలం సెలవుల ముందు, ఒక గురువారం రాత్రి పదకొండు గంటలకు నా ఫోన్ మోగింది. "అన్నా, నేను ఎయిర్‌పోర్టులో ఉండాను. నా ఫ్లైటు లేదంటాండారు" అని అవతల ఒక అక్క ఏడుస్తోంది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. మూడేళ్ల తర్వాత కూతురి పెళ్లికి బయల్దేరింది. మేడం దగ్గర పాస్‌పోర్టు తీసుకుని, రెండు పెట్టెలు కట్టుకుని, టాక్సీకి డబ్బులు పెట్టుకుని వచ్చింది. తీరా కౌంటర్ దగ్గర "మీ విమానం రద్దయింది, రెండు రోజుల ముందే మెసేజ్ పంపాం" అన్నారు.

మెసేజ్ పంపిన మాట నిజమే. కానీ అది అక్క ఫోన్‌కి రాలేదు. టికెట్ తీసిన ఏజెంటు తన నంబరే పెట్టుకున్నాడు. అతని ఫోన్‌కి రోజూ అలాంటివి వందొస్తాయి. చూసుకోలేదు.

ఆ రాత్రి అక్క ఫర్వానియాలో తెలిసినవాళ్ల రూంలో పడుకుంది. మర్నాడు నలుగురి దగ్గర అప్పు చేసి, దాదాపు రెట్టింపు ధరకు ఇంకో టికెట్ కొన్నాం. పెళ్లికూతుర్ని చేసే రోజుకు అందుకోలేదు గానీ, ముహూర్తానికి అందుకుంది. మొదటి టికెట్ డబ్బులు చేతికి రావడానికి డెబ్బై రోజులు పట్టింది. పరిహారం మాత్రం ఒక్క రూపాయి రాలేదు. ఎందుకు రాలేదో, ఏం చేసి ఉంటే వచ్చేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. బీకాం చదివి లెక్కలు రాసుకునేవాణ్ని. కానీ ఇలాంటి కాగితాలు చాలా చూశాను.

విమానం రద్దయితే

మన దేశంలో విమానాలకు నిబంధనలు పెట్టేది డీజీసీఏ. పౌర విమానయాన శాఖ కింద పనిచేసే సంస్థ. టికెట్ చౌకదైనా ఖరీదుదైనా దాని నిబంధనలు ఒకటే. "మాది లో కాస్ట్, మాకు వర్తించదు" అని ఏ భారతీయ విమాన సంస్థా అనడానికి లేదు. విదేశీ సంస్థ అయితే తన దేశపు నిబంధనల ప్రకారం గానీ, ఈ నిబంధనల ప్రకారం గానీ ఇవ్వవచ్చు.

విమానం రద్దు చేస్తే రెండు వారాల ముందే చెప్పాలి. అంతకంటే ఆలస్యంగా చెప్పినా, కనీసం 24 గంటల ముందు చెప్పాలి. వేరే విమానం కావాలా, డబ్బు వెనక్కి కావాలా అన్నది మన ఇష్టం, వాళ్ల ఇష్టం కాదు.

ఆ 24 గంటల ముందు కూడా చెప్పకపోతే వేరే విమానం ఎక్కించాలి. లేదంటే టికెట్ డబ్బు మొత్తం ఇచ్చి, దానిమీద పరిహారం కూడా ఇవ్వాలి. ప్రయాణం గంటలోపుదైతే 5,000 రూపాయలు, రెండు గంటల లోపుదైతే 7,500, రెండు గంటలు దాటితే 10,000. ఇక్కడొక మెలిక ఉంది. ఈ మొత్తం, లేదా మన టికెట్‌లో అసలు ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపితే వచ్చే మొత్తం - రెండిట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కు మీ టికెట్‌లో ఆ రెండూ కలిపి 8,000 అయితే, మీకు వచ్చేది 8,000. పదివేలు కాదు.

తుపాను, వరద, యుద్ధం, సమ్మె, ప్రభుత్వ ఆదేశం లాంటివి వస్తే పరిహారం ఉండదు. కానీ టికెట్ డబ్బు వెనక్కి రావాల్సిందే. ఈ రెంటికీ తేడా గుర్తుపెట్టుకోండి. "వాతావరణం బాగాలేదు, డబ్బులు రావు" అని ఎవరైనా అంటే, పరిహారం రాదేమో గానీ, టికెట్ సొమ్ము మాత్రం మనదే.

అక్క విషయంలో అడ్డొచ్చింది ఇంకొకటి. ప్రయాణికుడు టికెట్ తీసేటప్పుడు సరైన ఫోన్ నంబరు ఇవ్వకపోతే పరిహారం ఇవ్వనక్కర్లేదని అదే నిబంధనల్లో ఉంది. విమాన సంస్థ ఆ వాక్యమే చూపించింది. మేము మళ్లీ ఏం రాసినా లాభం లేకపోయింది.

ఆలస్యమైతే, సీటు లేదంటే

రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమున్న విమానం మూడు గంటలు ఆలస్యమైతే తిండి, నీళ్లు ఇవ్వాలి. మన గల్ఫ్ విమానాలు ఎక్కువగా ఈ లెక్కలోకే వస్తాయి. ఆలస్యం 24 గంటలు దాటితే హోటల్ ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయల్దేరే విమానమైతే, ఆరు గంటలు దాటితేనే హోటల్. మన విమానాలు చాలావరకు రాత్రివే కాబట్టి ఇది మనకు పనికొచ్చే నిబంధన. అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు. కౌంటర్‌కి వెళ్లి అడగాలి.

టికెట్ ఉండి, టైముకు కౌంటర్‌కి వచ్చినా "సీట్లు నిండిపోయాయి" అని ఆపేస్తే దాని లెక్క వేరు. గంటలోపు బయల్దేరే ఇంకో విమానం చూపిస్తే పరిహారం లేదు. 24 గంటలలోపు ఎక్కిస్తే అసలు ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, 10,000 మించకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, 20,000 మించకుండా. మనమే వేరే విమానం వద్దంటే టికెట్ డబ్బుతో పాటు ఆ నాలుగింతల లెక్కే.

ఏ కారణంతో ఆలస్యమైనా కౌంటర్‌లో ఒక ఉత్తరం అడిగి తీసుకోండి. ఫలానా విమానం ఇన్ని గంటలు ఆలస్యమైంది అని స్టాంపుతో ఉన్న కాగితం. సెలవు నుంచి తిరిగి రావడం ఒకరోజు ఆలస్యమైతే ఫోర్‌మన్ జీతం కోస్తాడు. అకామా గడువు దగ్గరపడి ఉంటే ఆ ఒక్క రోజే కొంప ముంచుతుంది. అప్పుడు పరిహారం కంటే ఆ కాగితమే మనల్ని కాపాడుతుంది.

మనమే మానుకుంటే

సెలవు దొరకలేదు, కఫీల్ ఒప్పుకోలేదు, టికెట్ రద్దు చేసుకున్నాం. "ఇది ఆఫర్ టికెట్, ఏమీ రాదు" అని చెప్తే నమ్మకండి. అసలు ఛార్జీ పోవచ్చు. కానీ టికెట్‌లో కలిపి కట్టించుకున్న పన్నులు, విమానాశ్రయ రుసుములు మనం ప్రయాణం చేయనప్పుడు తిరిగి ఇవ్వాలి. ఆఫర్ టికెట్‌కీ ఇదే వర్తిస్తుంది. రద్దు ఛార్జీ కూడా అసలు ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. టికెట్ కాగితంలో ఈ వివరం విడివిడిగా ఉంటుంది, చూసుకోండి.

"డబ్బు మా దగ్గరే ఉంచుకుంటాం, ఇంకోసారి వాడుకోండి" అంటారు కొందరు. దాన్నే క్రెడిట్ షెల్ అంటారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మన ఇష్టం. ఖరామా మీద ఖరామా పడి, వీసా క్యాన్సిల్ చేసుకుని శాశ్వతంగా ఇంటికి పోయేవాడికి క్రెడిట్ షెల్ ఎందుకు?

ఏజెంటు దగ్గర చిక్కు

మనలో చాలామంది నగదు ఇచ్చి ఏజెంటు దగ్గరే కొంటాం. అప్పుడు డబ్బు వెనక్కి వచ్చేది ఏజెంటు ఖాతాలోకి. అక్క టికెట్ విషయంలో ఏజెంటు రెండు నెలలు "కంపెనీ ఇంకా ఇవ్వలేదక్కా" అంటూనే ఉన్నాడు. మేము నేరుగా విమాన సంస్థకు ఈమెయిల్ పెట్టి ఒక్కటే అడిగాం: ఈ పీఎన్‌ఆర్ మీద డబ్బు ఏ తేదీన, ఎవరికి పంపారు? జవాబు వచ్చింది. రద్దయిన తొమ్మిదో రోజే ఏజెంటుకు జమైందట. ఆ ఈమెయిల్ ప్రింట్ తీసుకుని దుకాణానికి వెళ్లాం. గొడవ పడలేదు, కాగితం బల్ల మీద పెట్టాం, అంతే. సాయంత్రానికి డబ్బులిచ్చాడు.

ఏజెంటు ఇవ్వకపోతే విమాన సంస్థను కూడా అడగవచ్చు. ఏజెంటు వాళ్ల ప్రతినిధే కాబట్టి డబ్బు తిరిగిచ్చే బాధ్యత విమాన సంస్థదేనని డీజీసీఏ నిబంధన చెబుతోంది. కరోనా లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల మీద ప్రవాసీ లీగల్ సెల్ వేసిన కేసులో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏజెంట్ల ద్వారా కొన్నవాళ్లకు డబ్బు ఆ ఏజెంట్లు వెంటనే అందించాలని అందులో కూడా చెప్పింది. ఆ కేసు వేసింది మనలాంటి ప్రవాసుల కోసం పనిచేసే సంస్థ.

ఒక హెచ్చరిక కూడా. 2023 మే 3న గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. గల్ఫ్‌కు కూడా తిరిగిన సంస్థ అది. దివాలా కేసులోకి వెళ్లాక టికెట్ కొన్నవాళ్లు అప్పులిచ్చినవాళ్ల వరుసలో నిలబడాల్సి వచ్చింది. 2025 జనవరిలో దాన్ని మూసేయమని ఆదేశాలు వచ్చాయి. చౌకగా వస్తోందని ఏడెనిమిది నెలల ముందే టికెట్ కొనేముందు ఇది గుర్తు చేసుకోండి.

పెట్టె రాకపోతే

బెల్టు మీద పెట్టె రాకపోయినా, పగిలి వచ్చినా, విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాలకు మాంట్రియల్ ఒప్పందం ఉంది. భారత్, గల్ఫ్ దేశాలు అందులో ఉన్నాయి. దాని ప్రకారం పగిలిన సామానుకు 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చిన సామానుకు అది చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. గరిష్ఠ పరిమితి ఒక మనిషికి సుమారు 2,000 అమెరికా డాలర్లు. కానీ జరిగిన నష్టం మనమే చూపించాలి. అందుకే కొన్న వస్తువుల బిల్లులు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉంచండి. బంగారం, పాస్‌పోర్టు, నగదు కూడా అంతే. కోర్టుకు వెళ్లాలంటే రెండేళ్లలోపు వెళ్లాలి.

ఎక్కడ చెప్పుకోవాలి

ముందు విమాన సంస్థకు ఈమెయిల్. ఫోన్‌లో మాట్లాడితే రుజువు ఉండదు. పేరు, పీఎన్‌ఆర్, తేదీ, ఏం జరిగింది, ఏం కావాలి - ఐదు వాక్యాలు చాలు. ఇంగ్లీషు రాకపోతే మా దగ్గరికి రండి, రాసిపెడతాం. జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. ఊర్లో ఇంటివాళ్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమనండి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనం నివాసముండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కొన్నదాని విలువ ఐదు లక్షల లోపుంటే ఫీజు లేదు.

ఇన్ని చెప్పాను గానీ, ఇవాళ మీరు చేయాల్సింది ఒక్కటే. ఫోన్‌లో మీ టికెట్ తెరిచి చూడండి. అందులో మీ నంబరు ఉందా, ఏజెంటుదా? ఏజెంటుదైతే దుకాణానికి వెళ్లి మార్పించండి. ఇక్కడి నంబరుతో పాటు ఇంటి దగ్గర వాట్సాప్ చూసేవాళ్ల నంబరు కూడా ఇవ్వండి. రసీదు మీద ఎంత ఇచ్చారో రాయించుకోండి.

ఆ అక్క మొన్న ఫోన్ చేసింది. మళ్లీ సెలవుకు పోతోందట. "నంబరు నాదే పెట్టించినా అన్నా, నా ముందరే టైప్ చేసినాడు" అంది.