శాస్త్రగ్రంథమును సంగ్రహించు విధము

ఈ ప్రసంగమును వినువారిలో గ్రంథమును చదివి పదిమందికి సారము చెప్పు పెద్దలనేకులు గలరు. పురాణమైనచో కథ పట్టుబడిన చాలును. శాస్త్రమునం దట్లు కాదు. శాస్త్రకర్త తన మతమునకు ముందు ప్రతివాది మతమును చెప్పును. అదియు ప్రతివాది చెప్పుకొనగలిగినంత బలముగా చెప్పును. అచ్చటనే పుస్తకము మూసినవాడు ప్రతివాది మాటను గ్రంథకర్త మాటయని రచ్చబండపై చాటును. ఊరు నమ్మిన పిదప దానిని మరలించుట కష్టము.

మీమాంసకులు ప్రతి విచారమును అధికరణమని పేరిడి ఐదంగములుగా విభజించిరి. దేనినిగూర్చి విచారమో అది విషయము, అందలి సందేహము సంశయము, ప్రతివాదము పూర్వపక్షము, నిర్ణయము సిద్ధాంతము, ముందువెనుకలతోడి పొందిక సంగతి. 14వ శతాబ్దమున మాధవాచార్యుడు జైమిని పన్నెండధ్యాయములను ఈ మార్గముననే ‘జైమినీయ న్యాయమాల’గా కూర్చెను. అందు తరచుగా అధికరణమునకు రెండే శ్లోకములు. అంతకంటె మంచి సంగ్రహమును నేనెరుగను.

ఒక ఉదాహరణమును చూతము. బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదమున, జగత్తునకు బ్రహ్మము కారణమగునా యను విచారము గలదు. కార్యము కారణమును పోలియుండవలెను గావున, చేతనమైన బ్రహ్మమునుండి అచేతనమైన జగత్తు పుట్టజాలదని పూర్వపక్షము. చేతనుడైన మనుష్యునినుండి గోళ్లు, వెండ్రుకలు పుట్టుటయు, అచేతనమైన పేడనుండి తేలు మొదలగునవి పుట్టుటయు లోకమున కనబడుచున్నవి గావున ఆ నియమము నిలువదని శంకరుల సమాధానము. మొదటి సగముతో నిలిచిన సంగ్రహము శంకరుల మతమునే తలక్రిందులు చేయును! పేడనుండి తేలు పుట్టదని నేడు మనకు తెలియును. అయినను సంగ్రహించువాడు గ్రంథకర్త దృష్టాంతమును దిద్దరాదు. చెప్పదలచినచో తన మాటయని వేరుగా వ్రాసికొనవలెను.

నేను కాగితపు అంచున ‘పూ’, ‘సి’ అని గుర్తులు పెట్టుకొనుచు చదువుదును. సంస్కృతమున ‘నను’ అని యున్నచో తరచుగా ఆక్షేపము మొదలయ్యెననియు, ‘ఇతి చేత్’ తరువాత ‘న’ వచ్చినచో ఆక్షేపము ముగిసి ఖండనము వచ్చెననియు గ్రహింపవచ్చును. తెలుగున క్రియ వాక్యాంతమున నుండుటచే మరింత జాగ్రత్త వలయును. “లోతుగా దున్నినకొలది పంట హెచ్చుననుట అన్ని నేలలకు చెల్లదు” అను వాక్యమున సగమే వ్రాసికొన్న రైతు నష్టపోవును.

ప్రకరణము ముగిసినంతనే పుస్తకము మూసి, అంగమునకొక వాక్యము చొప్పున సొంత మాటలతో వ్రాయవలెను. పిదప పుస్తకము తెరచి సిద్ధాంతమును మాత్రము అక్షరమక్షరము సరిచూడవలెను. గ్రంథకర్త “కొన్నియెడల” అన్నచోట మనము “ఎల్లయెడల” అని వ్రాసితిమేమో చూచుకొనవలెను.

జనులు ఎక్కువగా విడిచిపెట్టునది సంగతి. వ్రాసిన వాక్యముల నడుమ “కావున”, “అయినను”, “ఎట్లనగా” అను మాటలలో నేది పొసగునో ఉంచి చూడుడు. ఏదియు పొసగనిచో ఆ రెండు ప్రకరణములను మరల చదువవలెను.