ధ్వనిని మింగే దుప్పటి

పిల్లలూ! పులికాట్ సరస్సు ఒడ్డున తడ అనే ఊరుంది. అది ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోది. 2022 నుంచి తిరుపతి జిల్లాలో చేరింది. సరస్సుకు ఆవల శ్రీహరికోట. 1971 నుంచీ అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి.

పెద్ద రాకెట్టు లేచే రోజున తడలో నిలబడితే ఒక తమాషా చూడవచ్చు. ఈశాన్య దిక్కున నిప్పుతోక పైకి లేస్తుంది. కాని శబ్దం రాదు! ఒకటి, రెండు, మూడు... అని సెకన్లు లెక్కపెడుతూ పోతే, డెబ్బై దాటిన తరువాతగాని ఆ ఉరుము చెవిన పడదు. ధ్వని ఒక కిలోమీటరు నడవడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. ప్రయోగవేదిక తడకు సుమారు 25 కిలోమీటర్లు. లెక్క సరిపోయింది గదా!

అంత దూరం నడిచి వచ్చిన శబ్దమే ఉరుములాగా ఉంటే, రాకెట్టు కొసన కూర్చున్న ఉపగ్రహం గతి ఏమిటి? ధ్వని అంటే గాలి వణకడమే. గాలి వణికితే ఉపగ్రహంలోని సన్నని పలకలూ, తీగలూ వణుకుతాయి. ఏ ఒక్క అతుకు ఊడినా ఎన్నో ఏళ్ల శ్రమ వృథా. అందుకని ఉపగ్రహాన్ని కప్పి ఉండే కవచానికి లోపలివైపున ధ్వనిని మింగే మెత్తని దుప్పట్లు అమరుస్తారు.

అయితే ఏ దుప్పటి ఎంత ధ్వనిని మింగుతుందో తెలిసేదెలా? త్రాసులో తూచడానికి ధ్వని బెల్లం కాదు; గిద్దెతో కొలవడానికి పాలూ కాదు.

ఈ చిక్కు విప్పినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే వాలెస్ సాబిన్ అనే యువకుడు. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అన్న మాట గోడలకు తగిలి తిరిగి తిరిగి, ఐదున్నర సెకన్ల దాకా వినిపిస్తూనే ఉండేది. మొదటి మాట చావకముందే పది మాటలు వచ్చి పడేవి!

సాబిన్ రాత్రిపూట ఊరు సద్దుమణిగాక పని మొదలుపెట్టేవాడు. పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఈ శాలలో పరిచేవాడు. ఒక పిల్లనగ్రోవి వంటి గొట్టాన్ని మోగించి ఆపేసి, దాని ధ్వని పూర్తిగా చచ్చేదాకా చెవితో వింటూ, గడియారంతో కాలం కొలిచేవాడు. తెల్లవారేసరికి మెత్తలన్నీ మళ్లీ నాటకశాలకు చేరాలి! తాను తొడుక్కున్న బట్టలు సైతం కొంత ధ్వనిని మింగుతున్నాయని గమనించి, పరిశోధనకు ఎప్పుడూ ఒకే రకం బట్టలు వేసుకొనేవాడు. చూశారా శ్రద్ధ!

మెత్తలు పెరిగినకొద్దీ ధ్వని తొందరగా చచ్చింది. అప్పుడాయనకు ఒక చక్కని ఊహ తోచింది. తెరిచిన కిటికీలోనుంచి బయటికి పోయిన ధ్వని మళ్లీ వెనక్కు రాదు. అంటే కిటికీ తనమీద పడ్డ ధ్వనినంతా మింగినట్లే. ఆ కిటికీనే కొలబద్దగా పెట్టుకుంటే సరి!

ఇప్పటికీ పరిశోధనశాలల్లో జరిగేది ఇదే. నున్నటి గోడలున్న ఖాళీ గదిలో శబ్దం చేసి, అది తగ్గే కాలం చూస్తారు. తరువాత 10 చదరపు మీటర్ల దుప్పటి పరిచి మళ్లీ చూస్తారు. రెండు కాలాలకూ ఉన్న తేడాను, గది పరిమాణాన్ని బట్టి, ఆ దుప్పటి 6 చదరపు మీటర్ల కిటికీతో సమానమని తేలిందనుకోండి. దాని అంకె 0.6 అన్నమాట. వినడం మాత్రం చెవి కాదు, మైక్రోఫోను.

మింగిన ధ్వని ఏమవుతుంది? దుప్పటిలోని సన్నని సందుల్లో గాలి అటూ ఇటూ ఊగి, పోగులకు రాసుకొని, రవ్వంత వేడిగా మారిపోతుంది. కాని ఒక చిక్కుంది. ఈల వంటి సన్నని ధ్వనిని పలుచని గుడ్డ కూడా మింగుతుంది. ఉరుము వంటి బొంగురు ధ్వనికి దళసరి దుప్పటి కావాలి. రాకెట్టుకేమో బరువు పెరగరాదు! అందుకే ఒక్కొక్క స్థాయికి ఒక్కొక్క అంకె విడివిడిగా కొలవాలి.

బెంగుళూరులోని జాతీయ వైమానిక పరిశోధనశాలలో 1100 ఘనపు మీటర్ల గది ఒకటుంది. అక్కడ పెద్ద పెద్ద బాకాలతో రాకెట్టు హోరు వంటి శబ్దం పుట్టించి, ఉపగ్రహాలు తట్టుకోగలవో లేదో ముందే పరీక్షిస్తారు.

మీరూ ఒక పరీక్ష చేయవచ్చు. ఖాళీ గంగాళంలోకి వంగి ‘ఓ’ అని అరవండి. తరువాత అందులో బొంత మడిచి పెట్టి మళ్లీ అరవండి. ఈసారి మీ ‘ఓ’ ఎటు పోయిందో ఇప్పుడు మీకు తెలుసు గదా!